సార్ ‘ఉండనీలే’ అనడం మానేసిన రోజులు

నేను టైపిస్టుగా చేరినప్పుడు మా సెక్షన్‌లో అందరికంటే పెద్దాయన ఒకరు ఉండేవారు. అందరం ఆయన్ని గురువుగారు అనేవాళ్లం. చేరిన మొదటి వారం ఆయన నాకొక రహస్యం చెప్పారు. అది టైపింగు గురించి కాదు. "అమ్మాయ్, లెటర్ ఎంత తొందరగా అయిపోయినా సరే, నాలుగింటికి ముందు సంతకానికి పంపకు. నాలుగున్నరకి డిస్పాచ్ మూసేస్తారు. సార్‌కి ఆలోచించుకునే టైమ్ ఇచ్చావో, నీ పని గోవిందా."

అప్పుడు నవ్వాను. నెల తిరక్కుండానే ఆ నవ్వు పోయింది. మా సార్ మంచి మనిషే. కోపం లేదు, కేకలు లేవు. కానీ ఫెయిర్ కాపీ చేతిలో పడగానే ఆయన పెన్ను దానంతట అదే మూత తీసుకునేది. ఎక్కువసార్లు ఒకే మాట మీద ఆగేది: ‘కైండ్లీ’. అది ఉంటే, "మనమేమన్నా బతిమాలుతున్నామా అమ్మా, తీసెయ్" అనేవారు. తీసేసి పట్టుకెళ్తే, "మరీ ఆర్డరేసినట్టుంది, ఎక్కడో ఒకచోట కైండ్లీ పెట్టు" అనేవారు.

ఒక్క మాటే కదా, పెట్టేస్తే పోతుంది అనిపిస్తుంది ఇప్పటి పిల్లలకి. టైపు మిషన్ మీద చేతులరగదీసుకున్నవాళ్లని అడగండి. పైనుంచి మూడో లైన్లో ఒక మాట చేరిస్తే ఆ లైను చివరి మాట కిందికి దిగాలి. అది దిగితే కింద లైన్లోది ఇంకో కిందికి దిగాలి. పేజీ నిండా ఉంటే ఆఖరి లైను రెండో పేజీకి పోవాలి. అంటే పేజీ మొత్తం మళ్లీ కొట్టడమే. మళ్లీ కొడితే మళ్లీ చదవాలి, ఎందుకంటే కొత్త తప్పు ఎప్పుడూ సరిచేసిన చోట రాదు, మొదటిసారి శుభ్రంగా ఉన్న చోట వస్తుంది. పైగా ఒరిజినల్ ఒకటి, కాపీలు మూడు, మధ్యలో కార్బన్లు మూడు, మొత్తం ఏడు కాగితాల దొంతర. ఒక అక్షరం తప్పు పోతే నాలుగు కాగితాల మీదా విడివిడిగా ఎరేజర్ పెట్టి రుద్దాలి. కింది కాపీ మీద మరక పడకుండా చీటీ ముక్క అడ్డం పెట్టుకోవాలి. రోలర్‌లోంచి తీసిన దొంతరని మళ్లీ ఎక్కిస్తే అక్షరం పాత చోట కూర్చునేది కాదు, వెంట్రుకవాసి పైకో కిందికో పడేది.

సార్‌కీ ఇది తెలుసు. ఆ దొంతర వంక చూసి, గోడ గడియారం చూసి, చివరికి నా మొహం చూసి, "సరే, ఉండనీలే" అని సంతకం పెట్టేసేవారు. మా సెక్షన్ బతికింది ఆ మాట మీదే.

ఆ మిషన్ అంటే నాకు ప్రేమే, అబద్ధమాడను. దానిలో దాచిందేమీ ఉండదు. కీ నొక్కితే లివర్లు కదిలి, టైప్ బార్ అనే సన్నటి ఇనప చెయ్యి లేచి రిబ్బన్ మీద కొడుతుంది. రిబ్బన్ వెనక కాగితం ఉంటుంది. చెయ్యి వెనక్కి పడేలోగా క్యారేజ్ ఒక్క అక్షరం మేర ఎడమకి జరుగుతుంది. ఒక స్ప్రింగు దాన్ని ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది, పళ్ల చక్రం ఒక్కొక్క పన్నే వదులుతూ ఉంటుంది. ఒక్కో టైప్ బార్ తల మీద రెండక్షరాలు, కింద చిన్నది, పైన పెద్దది. షిఫ్ట్ నొక్కితే లోపలి బరువంతా నిజంగానే జరిగేది. ఆ బరువు నా ఎడమచేతి చిటికెన వేలికి ఇంకా గుర్తుంది. బ్యాక్‌స్పేస్ అంటే వెనక్కి జరగడం అంతే, దానికి చెరపడం తెలియదు. కుడి మార్జిన్ ఇంకా కొన్ని అక్షరాల దూరంలో ఉండగా గంట టింగుమనేది. అప్పుడు ఆ మాట పడుతుందా, విరగ్గొట్టి హైఫన్ పెట్టాలా అన్నది మనమే తేల్చుకోవాలి. ఆ లెక్క వేళ్లకి తెలిసేది, బుర్రదాకా వచ్చేది కాదు.

మనకంటే ముందు తరాలవాళ్ల కష్టం ఇంకా ఘోరం. 1874లో రెమింగ్టన్ వాళ్లు, అవును, తుపాకులు చేసే రెమింగ్టన్ వాళ్లే, అమ్మకానికి పెట్టిన షోల్స్ అండ్ గ్లిడెన్ మిషన్‌లో అన్నీ క్యాపిటల్ అక్షరాలే. పైగా టైప్ బార్లు రోలర్ అడుగునుంచి కొట్టేవి. కొడుతున్న లైను కొట్టేవాళ్లకే కనిపించదు, కాగితం కాస్త పైకి తిరిగాకే తప్పు బయటపడేది. షిఫ్ట్ కీ, చిన్న అక్షరాలు 1878లో వచ్చిన రెండో మోడల్‌తో వచ్చాయి. మా గురువుగారు కీబోర్డు చూడకుండా కొట్టగలనని గొప్పలు పోయేవారు. కాగితం కూడా చూడకుండా కొట్టినవాళ్లు ఉన్నారని ఆయనకి చెప్పే అవకాశం నాకు రాలేదు.

అప్పట్లో పెద్ద రిపోర్టులకి మా దగ్గర ఒక ఉపాయం ఉండేది. సార్ పేరాలు అటూ ఇటూ మార్చమన్నప్పుడు పాత డ్రాఫ్టుని కత్తెరతో పేరా పేరా కత్తిరించి, కొత్త వరసలో తెల్ల కాగితం మీద గమ్ముతో అతికించి, దాన్ని చూసి ఫెయిర్ కాపీ కొట్టేవాళ్లం. టేబుల్ డ్రాయర్‌లో కత్తెర, గమ్ము సీసా ఎప్పుడూ ఉండేవి. ఇప్పుడు కట్, పేస్ట్ అని మౌసుతో నొక్కుతుంటే నా ముక్కుకి ఆ గమ్ము వాసన తగులుతుంది.

సార్ గది బయట స్టెనో టేబుల్ మీద సెలెక్ట్రిక్ ఒకటి ఉండేది, ఐబీఎం వాళ్లది. దాన్ని ముట్టుకునే యోగం స్టెనో సెలవు పెట్టినప్పుడే. అందులో టైప్ బార్లు లేవు, క్యారేజ్ కదలదు. గోల్ఫ్ బంతంత బంతి ఒకటి, దాని ఒంటి నిండా 88 అక్షరాలు. బంతి నాలుగు మెట్లుగా వంగుతుంది, చుట్టూ తిరుగుతుంది. ఏ మెట్టు మీద, ఎంత తిరిగితే ఏ అక్షరం ఎదురుకొస్తుందో కీ కింది కడ్డీలే లెక్క కట్టి పంపుతాయి. షిఫ్ట్ నొక్కితే బంతి అరచుట్టు తిరిగి వెనకవైపు చూపిస్తుంది, క్యాపిటల్స్ అక్కడుంటాయి. ఇదంతా మోటారు, కడ్డీలు, లోహపు పట్టీలే. కంప్యూటర్ లేదు, చిప్పు లేదు. 1961లో వచ్చిన మిషన్ అది. రెండు టైప్ బార్లు ఒకేసారి లేచి చిక్కుకోవడం అనే పీడ దీనికి లేదు. బంతి తీసి ఇంకో బంతి పెడితే అక్షరాల తీరే మారిపోయేది. ఒకసారి ఇటాలిక్ బంతి పెట్టి తీయడం మర్చిపోయి, సార్ సంతకం చేయాల్సిన మెమో మొత్తం పెళ్లి శుభలేఖలాగా కొట్టేశాను.

1973లో దీనికే కరెక్టింగ్ మోడల్ వచ్చింది. మా స్టెనో దగ్గరిది అదే. తప్పు కొట్టిన అక్షరం మీదికి వెనక్కి వెళ్లి, అదే తప్పక్షరాన్ని మళ్లీ కొట్టాలి. ఈసారి రిబ్బన్ బదులు జిగురు టేపు అడ్డం వస్తుంది. అక్షరం దానికి అంటుకుని కాగితం మీదనుంచి లేచి వచ్చేస్తుంది. తప్పుని పోగొట్టడానికి అదే తప్పు ఇంకోసారి చేయాలన్నమాట! ఇందుకోసం వాడే ఫిల్మ్ రిబ్బన్ ఒక్కసారికే పనికొచ్చేది. కొట్టిన అక్షరం ఆకారంలో రంగు ఊడిపోతుంది కాబట్టి, వాడేసిన రిబ్బన్ విప్పితే లెటర్ మొత్తం అక్షరం తర్వాత అక్షరం చదువుకోవచ్చు. ప్రమోషన్ల లిస్టు ఆర్డరు రాకముందే క్యాంటీన్లోకి ఎలా చేరేదో నాకు తెలుసు. చెప్పను.

ఆ బంతి మిషన్‌కి 1964లోనే ఐబీఎం మాగ్నెటిక్ టేపు తగిలించిందని చాలా ఏళ్ల తర్వాత చదివి, ఆ పూట అన్నం సయించలేదు నాకు. దాన్ని ఎంటీఎస్టీ అనేవారట. మనం కీ నొక్కుతుంటే కాగితం మీద అక్షరం పడుతుంది, అదే సమయంలో ఆ అక్షరం కోడ్ టేపు మీద రికార్డవుతుంది. తప్పు పోతే వెనక్కి జరిగి దాని మీదే సరైనది కొట్టడం. కాగితం మీద రెండక్షరాలు కలిసి గజిబిజిగా కనిపించినా, టేపు మీద పాతది పోయి కొత్తదే మిగులుతుంది. అంతా అయ్యాక తెల్ల కాగితం ఎక్కించి బటన్ నొక్కితే, సెకనుకి సుమారు 15 అక్షరాల చొప్పున మిషన్ తనంతట తానే కొట్టుకుపోతుంది, తప్పు లేకుండా.

మరి మధ్యలో మాట చేర్చాలంటే? టేపుని సాగదీయలేం కదా. అందుకే పెద్ద మోడల్‌కి రెండు టేపులుండేవి. మా సార్ కైండ్లీ పెట్టమన్నారనుకోండి. మొదటి టేపుని ‘కైండ్లీ’ రావాల్సిన చోటుదాకా నడిపిస్తూ రెండోదాని మీదికి ఎక్కించాలి. అక్కడ ఆపి, కైండ్లీ కొట్టాలి. మళ్లీ మొదటి టేపు నడిపించి మిగతాది రెండోదాని మీదికి తీసుకోవాలి. తీసేయమంటే ఆ మాట వచ్చినప్పుడు దాటేయాలి. దీని బరువు మాత్రం మామూలుది కాదు. లండన్‌లో లెన్ డైటన్ అనే నవలా రచయిత 1968లో తెప్పించుకుంటే, సుమారు 90 కిలోల మిషన్‌ని ఇంట్లోకి చేర్చడానికి కిటికీ ఊడదీయాల్సి వచ్చిందట. దాని ముందు కూర్చుని కొట్టిందేమో రచయిత కాదు, ఆయన సెక్రటరీ ఎలినార్ హ్యాండ్లీ. ఈ భాగం మాత్రం నాకేమీ ఆశ్చర్యంగా అనిపించలేదు.

‘వర్డ్ ప్రాసెసింగ్’ అన్న మాట కూడా ఆ కాలంలోనే ఊపందుకుంది. దాని మూలం జర్మనీలో ఐబీఎం టైపురైటర్లు అమ్మిన ఉల్రిక్ స్టైన్‌హిల్పర్ అనే ఆయన 1950ల్లో పుట్టించిన జర్మన్ మాట అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ పైలట్, ఇంగ్లండ్ మీద విమానం కూలి, కెనడాలో యుద్ధఖైదీగా ఉండి మాటిమాటికీ పారిపోవడానికి ప్రయత్నించిన మనిషి. అలాంటి ఆయన టైపురైటర్లు అమ్ముకోవడంలో స్థిరపడి మా పనికి పేరు పెట్టాడన్నమాట.

వీళ్లందరిలో నేను చేతులెత్తి దండం పెట్టేది ఎవెలిన్ బెరెజిన్ గారికి. ఫిజిక్స్ చదివి, విమాన టికెట్ల రిజర్వేషన్‌కి కంప్యూటర్ సిస్టమ్ డిజైన్ చేసిన ఇంజనీరు. 1969లో న్యూయార్క్ రాష్ట్రంలో రెడాక్ట్రాన్ అని సొంత కంపెనీ పెట్టి, 1971లో డేటా సెక్రటరీ అనే మిషన్ బయటికి తెచ్చారు. అందులో పని నడిపించేది చిప్పులు. స్క్రీను మాత్రం లేదు, ప్రింటు కోసం సెలెక్ట్రిక్కే. పేజీ పేజీ మళ్లీ కొట్టే సెక్రటరీల చాకిరీ తగ్గించడానికే పూనుకుని చేసిన మిషన్ అది. ఆవిడ 2018లో 93 ఏళ్ల వయసులో పోయారు. ఆ వార్త చదివేదాకా ఆవిడ పేరు నేను వినలేదంటే సిగ్గుగానే ఉంది.

ఇవేవీ మా ఆఫీసు గడప తొక్కలేదు. మాకు ముందు వచ్చింది ఎలక్ట్రానిక్ టైపురైటర్. అందులో బంతి బదులు డైసీ వీల్, అంటే మధ్యలో బొడ్డు, చుట్టూ సన్నటి రేకులు, రేకు కొసన ఒక్కో అక్షరం. చక్రం గిర్రున తిరిగి కావాల్సిన రేకు పైకి రాగానే చిన్న సుత్తి దాన్ని టప్పున కొడుతుంది. అసలు విశేషం కీబోర్డు పైన ఉండే కిటికీ, ఒక్క లైన్లో కొన్ని అక్షరాలు మాత్రం పట్టేది. కొట్టిన లైను ముందు అందులో కనిపిస్తుంది, రిటర్న్ నొక్కాకే కాగితం మీద పడుతుంది. కాగితం మీద పడ్డాక తప్పు కనిపించినా ఫరవాలేదు. ఏ చోట ఏ అక్షరం కొట్టామో మిషన్‌కి గుర్తుంటుంది కాబట్టి తనే వెనక్కి వెళ్లి అవే అక్షరాలు జిగురు టేపు మీద కొట్టి లేపేసేది. నా జీవితంలో అక్షరానికీ కాగితానికీ మధ్య మొదటిసారి సందు దొరికింది అక్కడే. కొట్టడం వేరు, పడటం వేరు. ఒక్క లైనంత సందే, అయినా ప్రాణానికి ఎంత హాయి!

ఆ సందులోంచే సార్ కూడా దూరారు. "లైన్ మొత్తం చెరిపేస్తుందట కదమ్మా ఇది?" అన్నారు ఒకరోజు, పెన్ను మూత తీస్తూ.

ఆ తర్వాత ట్రైనింగ్ పేరుతో నన్ను ఇంకో ఆఫీసుకి పంపితే, అక్కడ వాంగ్ వర్డ్ ప్రాసెసర్ చూశాను. స్క్రీను, పళ్లెంలాంటి ఎనిమిదంగుళాల ఫ్లాపీ, దూరంగా శబ్దం రాకుండా మూత కప్పిన ప్రింటర్. అక్కడి అమ్మాయి ఒక లైను మధ్యలో ఒక మాట చేర్చి చూపించింది. పేరా మొత్తం సర్దుకుని చోటిచ్చింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, ఇంకోసారి కావాలా అండీ అని మళ్లీ చేసి చూపించింది పాపం. షాంఘైలో పుట్టి అమెరికా వెళ్లిన ఆన్ వాంగ్ స్థాపించిన కంపెనీ అది. 1976లో తెచ్చిన ఆ స్క్రీను మిషన్‌తో పెద్ద పెద్ద ఆఫీసుల్ని ఏలింది. కానీ ఆ మిషన్‌కి లెటర్లు రాయడం ఒక్కటే పని. లెటరూ రాసి, లెక్కలూ చేసే పర్సనల్ కంప్యూటర్ పక్కకొచ్చి కూర్చున్నాక దానికి నూకలు చెల్లాయి. 1992లో వాంగ్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

మా ఆఫీసుకి వచ్చిన కంప్యూటర్‌కి ఫ్లాపీ డ్రైవులు రెండు, హార్డ్ డిస్కు లేదు. ఒకదాంట్లో వర్డ్‌స్టార్ ఫ్లాపీ, రెండోదాంట్లో మన ఫైళ్ల ఫ్లాపీ. వర్డ్‌స్టార్ పేరు చెబితే నా ఎడమచేతికి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1978లో సీమూర్ రూబిన్‌స్టైన్ కంపెనీకి రాబ్ బార్నబీ రాసిన ప్రోగ్రామ్. అప్పటి కీబోర్డులన్నిట్లో బాణం గుర్తులుండేవి కాదు, అందుకని కంట్రోల్ కీతో కలిపి ఈ నొక్కితే కర్సర్ పైకి, ఎక్స్ కిందికి, ఎస్ ఎడమకి, డి కుడికి. కీబోర్డు మీద చూడండి, ఆ నాలుగూ వజ్రం ఆకారంలో ఉంటాయి. ఆ పక్కన ఏ ఒక మాట వెనక్కి, ఎఫ్ ఒక మాట ముందుకి. చెయ్యి కదపకుండా ఫైలంతా తిరిగిరావచ్చు. బ్లాకు మొదలు కంట్రోల్ కె బి, బ్లాకు చివర కె కె, జరపడానికి కె వి, సేవ్ చేయడానికి కె ఎస్. మౌసు పట్టుకోవడానికి చెయ్యి తీసినప్పుడల్లా నాకు ఇప్పటికీ పనిలోంచి లేచి వెళ్లినట్టుంటుంది.

గంట పోయింది. లైను దాటిపోతున్న మాటని ప్రోగ్రామే పసిగట్టి, వెనక ఖాళీ ఎక్కడుందో చూసి, అక్కడినుంచి మాటని కిందికి దించేది. మొదట్లో నేను ప్రతి లైను చివరా రిటర్న్ కొట్టేసేదాన్ని. దాంతో పేరా సర్దుకునేది కాదు. మనం కొట్టిన రిటర్న్ గట్టిది, అది ఎక్కడికీ కదలదు. ప్రోగ్రామ్ పెట్టుకునేది మెత్తటిది, అవసరమైతే తీసేసుకుంటుంది. ఈ తేడా నాకు తలకెక్కడానికి రెండు వారాలు పట్టింది. మధ్యలో మాట చేర్చాక పేరా తనంతట తాను సర్దుకోదు, కంట్రోల్ బి నొక్కాలి. నొక్కితే లైన్లు ఒక్కొక్కటిగా సర్దుకుంటూ కిందికి దిగేవి. సార్ నా కుర్చీ వెనక నిలబడి ఆ తమాషా చూసేవారు. "ఇంకోసారి నొక్కమ్మా" అనేవారు. నొక్కడానికి ముందు ఏదో ఒకటి మార్చాలి కదా, అందుకని కైండ్లీ మార్చేవారు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. పని తగ్గుతుందని మిషన్ తెచ్చారు. అంతకుముందు ఒక లెటర్ రెండు డ్రాఫ్టులయ్యేది, గట్టిగా మాట్లాడితే మూడు. ఇప్పుడు ఆరు, ఏడు. ఒక మాట మార్చడానికి నాకు కష్టం లేదని సార్‌కి తెలిసిపోయింది. ‘ఉండనీలే’ అన్న మాట ఆయన నోట మళ్లీ వినలేదు. గురువుగారి నాలుగింటి సూత్రం పనిచేయడం మానేసింది, ఎందుకంటే నాలుగు ఇరవైకి కూడా సార్ "రెండు నిమిషాల పనే కదా" అనగలిగేవారు. గురువుగారు రిటైరయ్యే ముందు స్క్రీను వంక చూసి ఒక్కటే అన్నారు: "అమ్మాయ్, దీన్ని మన కోసం కొన్నారనుకున్నాను."

తిప్పలు కూడా కొత్తవి వచ్చాయి. వర్డ్‌స్టార్ సేవ్ చేసేటప్పుడు పాత ఫైలు పారేయదు, పేరు చివర బ్యాక్ అని తగిలించి ఉంచుతుంది, కొత్తది పక్కన రాస్తుంది. అంటే ఫ్లాపీలో రెండింతల చోటుండాలి. 360 కిలోబైట్ల ఫ్లాపీలో రెండొందల కిలోబైట్ల పై చిలుకు ఉన్న ఒక ఫైలు తెరిచి, సాయంత్రం దాకా కొట్టి, సేవ్ అన్నాను. డిస్క్ ఫుల్ అంది. అప్పటి టెన్షన్ ఎవరికీ వద్దు. పాత ఫైళ్లని లోపలినుంచే చెరపడానికి కంట్రోల్ కె జె అనే దారి ఉందని నాకు అప్పుడు తెలియదు. తెలిసినావిడ పక్క సెక్షన్‌లో ఉంది, కానీ ఆ రోజు సెలవు. కరెంటు పోయినప్పుడు సేవ్ చేయనిది గాల్లో కలిసిపోయేది. కొట్టిందంతా మెమరీలో ఉంటుంది, మెమరీకి ప్రాణం కరెంటు. పాత టైపు మిషన్ కరెంటు పోతే కొవ్వొత్తి వెలుగులో కూడా పనిచేసిందని గురువుగారు దెప్పేవారు. సేవ్ చేయడం నా వేళ్లకి చాదస్తంలా పట్టుకుంది ఆ ఏడాదే. ఇప్పుడు దానంతట అదే సేవ్ అయ్యే చోట కూడా నొక్కుతూనే ఉంటాను.

మెయిల్ మెర్జ్ అని ఇంకొకటి. ఒకే లెటర్ వందమందికి, పేరు, అడ్రసు మాత్రం మారుస్తూ. అడ్రసుల లిస్టులో ఒక వివరానికీ ఇంకోదానికీ మధ్య కామా పెట్టాలి. ఒకాయన పేరు తర్వాత కామా పెట్టి ఆయన డిగ్రీ కూడా కొట్టేశాను. అంతే, డిగ్రీ రెండో గదిలో కూర్చుంది, వీధి మూడో గదిలోకి జరిగింది, చివరి గదిలో ఉండాల్సిన ఇంటిపేరు బయటపడి అక్కడికి ఊరు వచ్చింది. ఆయనకి ‘డియర్’ అని ఆయన ఊరి పేరుతో లెటర్ వెళ్లింది. సార్ ఏడు డ్రాఫ్టులు దిద్దిన లెటర్ అది.

వర్డ్‌పర్‌ఫెక్ట్ అనే ఇంకో రాత ప్రోగ్రామ్ వాడింది తక్కువే, కానీ దాన్లో ఒక్క సంగతి మనసుకి పట్టింది. ఆల్ట్, ఎఫ్ 3 కలిపి నొక్కితే స్క్రీను రెండుగా చీలి, కింది సగంలో అక్షరాల మధ్య దాక్కున్న గుర్తులన్నీ బయటపడేవి. ఇక్కడ బోల్డ్ మొదలు, ఇక్కడ చివర, ఇక్కడ మార్జిన్ మార్పు. ఏది ఎందుకు అలా కనిపిస్తుందో వేలు పెట్టి చూపించవచ్చు. వర్డ్‌లో అలా కాదు. పేరా తీరు మొత్తం పేరా చివర కంటికి కనపడని గుర్తులో కూర్చుంటుంది. ఆ గుర్తు పొరపాటున చెరిపితే పేరా వెళ్లి కింది పేరాతో కలిసిపోయి వేషం మార్చేస్తుంది. దయ్యం పట్టిందని మా వాళ్లు నన్ను పిలిచేవారు. నేను వెళ్లి ఆ గుర్తులు కనిపించే బటన్ నొక్కి దయ్యాన్ని చూపించేదాన్ని.

వర్డ్‌ పుట్టుక వెనక ఉన్నది 1974లో జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమొన్యీ చేసిన బ్రావో అనే ప్రోగ్రామ్. కాగితం మీద ఎలా పడుతుందో స్క్రీను మీద అలాగే చూపించిన మొదటిది అదే. ఆ మరుసటేడు అక్కడే లారీ టెస్లర్, టిమ్ మాట్ చేసిన జిప్సీలో మన కట్, పేస్ట్ స్థిరపడ్డాయి. సిమొన్యీ తర్వాత మైక్రోసాఫ్ట్‌కి వెళ్లారు, 1983లో వర్డ్ వచ్చింది. లోపల మార్పులెలా దాస్తుందో ఎవరో వివరిస్తే నాకు నవ్వాగలేదు. అసలు రాతని అది ముట్టుకోదు. కొత్తగా చేర్చినవన్నీ ఇంకోచోట వరసగా పేరుస్తుంది. ముందు అక్కడి ఇన్ని అక్షరాలు, తర్వాత ఇక్కడి ఇన్ని, మళ్లీ అక్కడివి అని ఒక పట్టిక రాసుకుంటుంది. స్క్రీను మీద చూపించేటప్పుడు ఆ పట్టిక ప్రకారం కలిపి చదువుతుంది. మా సార్ డ్రాఫ్టు సరిగ్గా ఇదే! లైను మధ్యలో ‘ఏ’ అని గుర్తు పెట్టి, వెనక పేజీలో ‘ఏ’ కింద నాలుగు లైన్లు, ‘బి’ కింద రెండు. పట్టిక మాత్రం నా బుర్రలో ఉండేది.

కొన్నాళ్లకి సార్ టేబుల్ మీదికే కంప్యూటర్ వచ్చింది. చిన్న లెటర్లు తనే కొట్టుకుంటానన్నారు. రెండు వేళ్లతో, ఒక్కో అక్షరాన్ని వెతుక్కుంటూ. ఒకరోజు కాగితం పట్టుకెళ్లి, "సార్, ఇక్కడ కైండ్లీ ఉండాలేమో" అన్నాను, కావాలనే. కళ్లజోడు సవరించుకుని స్క్రీను వంక, కీబోర్డు వంక చూశారు. "సరే, ఉండనీలేమ్మా" అన్నారు.

మొన్న ఇల్లు సర్దుతుంటే మూడున్నర అంగుళాల ఫ్లాపీ ఒకటి దొరికింది. ఆ వర్డ్‌స్టార్ కంప్యూటర్ తీసేసేటప్పుడు గుర్తుకోసం కొన్ని ఫైళ్లు దాంట్లోకి ఎక్కించుకున్నాను. మా అబ్బాయి ఎక్కడినుంచో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు తెచ్చి తెరిచాడు. మాటలు కనిపిస్తున్నాయి గానీ అన్నీ తోకలు తెగినట్టున్నాయి.

"అమ్మా, చూశావా, ప్రతి మాటకీ చివరి అక్షరం ఒక్కటే పాడైంది. ఫ్లాపీ పాడైతే ఇంత పద్ధతిగా పాడవదు."

పాడవలేదు మరి. కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక నంబరుగా ఎనిమిది బిట్లలో, అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే ఎనిమిది గళ్లలో దాచుకుంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు చాలు, ఎనిమిదోది ఖాళీ. ఆ ఖాళీని వర్డ్‌స్టార్ మాట ఎక్కడ ముగిసిందో గుర్తు పెట్టుకోవడానికి వాడుకునేది. అందుకే వేరే ప్రోగ్రామ్‌లో తెరిస్తే చివరి అక్షరం వింత గుర్తుగా కనిపిస్తుంది. ఎనిమిదో గడిలో ఒకటి పడితే నంబరుకి 128 కలుస్తుంది, అందుకని 127 దాటిన ప్రతి నంబరు నుంచి 128 తీసేయమన్నాను. నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాశాడు. లెటర్ తేటగా లేచి కూర్చుంది. ప్రింటర్ రిబ్బన్లు పంపమని అడిగిన లెటర్ అది, పాతిక లైన్లు. పక్కనే దాని బ్యాక్ ఫైలు.

వాడు రెండిటినీ పక్కపక్కన పెట్టి తేడా చూపించే బటన్ ఏదో నొక్కాడు. ఒక్కచోట రంగు మారింది. బ్యాక్ ఫైల్లో ‘కైండ్లీ’ ఉంది, రెండోదాంట్లో లేదు.

"ఈ రెండిట్లో ఏది పంపారమ్మా?"

"నాలుగున్నరకి ఏది ప్రింటయి ఉంటే అది."